గుడ్డ చుట్టిన గంట

మొన్న ఫోనులో మీరు అడిగారు. అవ్వా, చిన్నవ్వ వాళ్ళ ఊరి పక్కన అడవి ఉందంట కదా, సెలవుల్లో తీసుకుపోతావా, అక్కడ బాగా నిశ్శబ్దంగా ఉంటుందా అని. నేను "చూద్దాంలే" అని ఊరుకున్నాను. మీరు చిన్నబుచ్చుకున్నట్టున్నారు. ఫోనులో నేను మాట్లాడేది మీ అమ్మకే సగం వినపడదు, నాగపూరులో ఉన్న మీకేం వినపడుతుంది? అందుకే రాస్తున్నాను. ఆ అడవికి నేను పోయి వచ్చింది మొన్నటి చలికాలంలోనే. ఎందుకు "చూద్దాంలే" అన్నానో చదివాక మీకే తెలుస్తుంది.

మదనపల్లెలో పొద్దున్నే బస్సెక్కితే పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పుంగనూరు వరకు టమోటా తోటలే, కర్రలకు కట్టిన తీగలే. ఆ తర్వాత నేల రంగు మారుతుంది. పట్టుపురుగులకు పెంచే మల్బరీ తోటలు, రాగి చేలు, మధ్య మధ్యలో బోడి గుండ్లు. ఆ నెలలో రాగి వెన్ను ముదిరి వంగి ఉంది. నా పక్కన కూర్చున్న ఆమె కిటికీలోంచి చూసి, "ఈ కంకి ఇంటికి చేరేది దేవుడి దయే" అంది. ఎందుకమ్మా అని నేను అడగలేదు. కుప్పం వైపు రాగి కోతకొచ్చిందంటే ఏనుగులు దిగుతాయని అందరికీ తెలుసు.

మీ చిన్నవ్వ, అంటే నా చెల్లెలు ఉండే ఇంటి వెనక తలుపు తీస్తే మొదట గెనిమ గట్టు, అది దిగితే రాగి చేను, చేను చివర కందకం కనిపిస్తాయి. ఏనుగులు దాటి రాకుండా సర్కారు తవ్వించిన లోతైన గాడి అది. దాని అవతల అడవి. మీరు బొమ్మల్లో చూసే అడవిలాగా చెట్టు మీద చెట్టు పెరిగి చీకటిగా ఉండదు. మోదుగ, చిగర, వెదురు పొదలు, సీతాఫలం చెట్లు, నడుమ ఎర్రమట్టి దారులు. ఎండ నేల దాకా పడుతుంది. చెల్లెలు పెళ్ళయి వచ్చినప్పటి నుంచి కట్టెలకూ, కాయలకూ, ఆవుకూ ఆ అడవిలోకి పెరట్లోకి పోయినట్టే పోయి వచ్చేది.

చెల్లెలు ఒకప్పుడు కూలికి పోయేది. ఇప్పుడు కొడుకు రోజూ రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి వస్తాడు. కోడలు బట్టలు కుట్టే కంపెనీ బస్సులో పొద్దున పోయి మాపటికి వస్తుంది. చెల్లెలికి మిగిలింది ఒక ఆవు. పుంగనూరు జాతిది, తెల్లగా, పొట్టిగా, నా నడుమెత్తు కూడా లేకుండా. పాలు ఇచ్చేది కొంచెమే. అయినా దాని మీద ఆమెకున్న ప్రాణం నేను చెప్పనక్కరలేదు, నేను పోయిన రాత్రి సంగటి ముందు కూర్చున్నప్పుడు వాళ్ళ మాటలు వింటే మీకే తెలిసేది.

"పెద్దమ్మా, మా అత్త నాకు కాపీ ఇచ్చేది మరిచిపోతాది గానీ, దానికి తవుడు నానబెట్టేది మాత్రం మరవదు" అంది కోడలు నాతో.

"నువ్వు ఈనేటప్పుడు నీకూ నానబెడతాలేమే" అంది చెల్లెలు.

కోడలు నవ్వింది. కొడుకు నవ్వలేదు. ఆ ఆవు అప్పటికి రెండు ఈతలు పోగొట్టుకుంది. మొదటి దూడ చచ్చే పుట్టింది. రెండోది పుట్టి, పాలు తాగకుండానే పోయింది. ఇది మూడో కానుపు.

"మ్మా, పెద్దమ్మ ముందరే చెప్తాండా. ఈ తూరి దూడ నిలిస్తే ఆవు ఇంట్లో ఉంటాది. నిలవకపోతే సంతకే. నీ మోకాళ్ళకు నడక చాతకాదు, యాల నీకీ తిప్పలు?" అన్నాడు కొడుకు.

"సరేరా. నిలవకపోతే నేనే తోలిస్తా. నిలిచిందంటే మాత్రం మళ్ళా నువ్వు నోరెత్తకూడదు."

"ఎత్తను."

"పెద్దమ్మ సాక్షి" అంది చెల్లెలు నా వైపు చూసి, నానబెట్టిన అనపగింజల పొట్టు పితుకుతూ. పితికిపప్పు చేసే రోజులు కదా, ఆ వీధంతా అదే వాసన.

మరునాడు పొద్దున వీధిలో కేక వినపడింది. ఫారెస్టు వాచరు బండి మీద పోతూ, "సామి దిగినాడు, కుంట పక్కన ఉండాడు, పశువుల్ని లోపలికి తోలద్దండి" అని చెప్పిపోయాడు. అక్కడ ఏనుగును ఏనుగు అనరు, సామి అంటారు. ఆ మాట వినగానే వీధిలో ఆడవాళ్ళంతా పాత గుడ్డపీలికలు తీసుకుని బయటికొచ్చారు. నేను చూడటం అదే మొదటిసారి. ఆవుల మెడలో గంటలుంటాయి కదా, ఆ గంట నాలుకకు గుడ్డ చుట్టి కట్టేస్తారు. గంట చప్పుడుకు సామికి కోపం వస్తుందనీ, చప్పుడున్న వైపే వస్తాడనీ వాళ్ళ నమ్మకం. ఒక ముసలాయన్ని ఏనుగు అట్లాగే తరిమిందంట. అందుకని సామి దిగిన రోజుల్లో ఆ ఊళ్ళో ఒక్క గంటా మోగదు. చెల్లెలు కూడా పాత చీర అంచు చించి తన ఆవు గంటకు చుట్టింది. చేయి తిరిగిన పని, క్షణంలో అయిపోయింది.

"ఈనే ఆవును ఈ పొద్దు కట్టేయకూడదా?" అన్నాను.

"కట్టేస్తే కడుపులో దూడ అడ్డం తిరుగుతాదక్కా. ఈనేదానికి ఇంకా టైముండాది. మంద లోపలికి పోదులే, కందకం ఇవతలే మేస్తాది."

వీధి పశువులన్నీ కాసేవాడి వెంట పోయాయి. మేమిద్దరం గింజలు పితుక్కుంటూ పాత ముచ్చట్లు చెప్పుకున్నాం. ఎండ ఎక్కాక మంద తిరిగొచ్చింది. చెల్లెలి ఆవు మాత్రం రాలేదు.

కాసేవాడు తల గోక్కున్నాడు. "ఆడనే ఉన్నింది అత్తా, చిగర చెట్టు కింద. తిరిగి సూస్తే లేదు. కందకం కూలిన తావుండాది కదా, దాని గుండా లోపలికి పోయినట్టుండాది."

చెల్లెలు కొంగు బిగించి బయల్దేరింది. నేను వద్దంటే ఆగే మనిషి కాదు. ఒక్కదాన్నే పంపలేక నేనూ వెంట నడిచాను.

కూలిన గట్టు దగ్గర దిగి, ఎక్కి, అడవిలోకి అడుగు పెట్టాం. అక్కడొక రాళ్ళ కుప్ప ఉంది. లోపలికి పోయేవాళ్ళు పచ్చి కొమ్మ ఒకటి తుంచి దాని మీద వేసి పోవాలి. చెల్లెలు వేసింది, నా చేత కూడా వేయించింది. కాస్త దూరం పోయాక ఆగి, కళ్ళు మూసుకుని, చెవి అటు పెట్టి నిలబడింది. అట్లా నిలబడితే ఏ మలుపులో ఉన్నా తన ఆవు గంట తనకు తెలుస్తుంది. వీధిలో ఎన్ని గంటలున్నా దాని మోత వేరు. నేను కూడా చెవి పెట్టాను. ఆకు కదలలేదు. ఒక పిట్ట కూడా అరవలేదు.

చెల్లెలు కళ్ళు తెరిచింది. 

"అక్కా, గుడ్డ."

నాకు మొదట అర్థం కాలేదు.

"మందలో తిరిగేదానికి కట్టాలి గానీ, ఈనేదానికి కడతారా? ఈనేది మంద వదిలి మరుగుకు పోతాదని నాకు తెలవదా? అందరూ కడతా ఉంటే నేనూ కట్టేసినా. నా చేతుల్తోనే దాని నోరు మూసినానక్కా."

 "రా, వెతుకుదాం" అన్నాను. ఆమె నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, "బా... బా... నా తల్లీ, బా" అని పిలవడం మొదలుపెట్టింది. పిలిచే కొద్దీ ఆ గొంతు సన్నబడింది.

ఆ పిలుపు విని వాచరు పరుగెత్తుకొచ్చాడు. పొద్దున బండి మీద పోయినవాడే. చేతిలో టపాసుల సంచి.

"యాడికి పోతాండారమ్మా? పొద్దున చెప్పి పోయినా కదా! అరవద్దు. సామి ఆ వెదుర్లలోనే ఉండాడు. ఇద్దరు ఆడోళ్ళు, అదీ ఈ వయసులో, లోపల పడితే నా ఉద్యోగం పోతాది."

"నా ఆవు ఈనేదానికి లోపలికొచ్చిందప్పా. గంటకు గుడ్డ కట్టుండాను. పిలవకుండా ఎట్ల దొరుకుతాది?"

"రేప్పొద్దన వస్తాదిలే."

"రేపటికి దూడ ఉండదు" అంది చెల్లెలు. "నక్కలుండాయి, కుక్కలుండాయి, నీ సామి ఉండాడు. నువ్వు రాకపోతే గమ్మున పో. నేను పోతా."

అతను నా వైపు చూశాడు, మీరైనా చెప్పండమ్మా అన్నట్టు. నేను తల దించుకున్నాను. వాచరు విసుక్కుంటూనే ముందు నడిచాడు.

పిల్లలూ, మీరడిగిన నిశ్శబ్దం అప్పుడు చూశాను. ముగ్గురం మాట్లాడకూడదు. ఎండాకు మీద అడుగు పడకూడదు. పిలవకూడదు. అటు పక్క నుంచి గంటా వినపడదు. వాచరు చేయెత్తితే ఆగాలి, దించితే నడవాలి. దారిలో ఇంకా ఆవిరి పోతున్న ఏనుగు లద్దె కనిపించింది. చీల్చి పారేసిన వెదురు కనిపించింది. బస్సులో వచ్చేటప్పుడు ఆ అడవి ఎంత చల్లగా ఉంటుందో అనుకున్నాను. అప్పుడు మాత్రం వీపంతా చెమట.

చెల్లెలు నేల చూడటం మానేసి ఆకాశం చూడటం మొదలుపెట్టింది. కాసేపటికి నా చేయి పట్టి నొక్కింది. వాగు దిగువన రెండు మూడు కాకులు దిగుతూ లేస్తూ ఉన్నాయి. ఆవు ఈనితే మావి పడుతుంది. మావి కోసం కాకులు చేరతాయి. బతికిన దూడ దగ్గరికీ చేరతాయి, చచ్చిన దూడ దగ్గరికీ చేరతాయి. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా చెయ్యి వదలకుండా నడిచింది.

వాగు గట్టు మరుగున, గాలి తగలని చోట, ఆవు నిలబడి ఉంది. దాని కాళ్ళ దగ్గర తడి దూడ. మమ్మల్ని చూడగానే ఆవు కొమ్ములు దించింది. దూడ తల కదిలింది.

"బతికుండాది" అన్నాను నేను. చప్పుడు కాకుండా, పెదవులు కదిపి మాత్రమే.

సరిగ్గా అప్పుడే వాగు అవతల వెదురు ఫట్‌మని విరిగింది. వాచరు వేలు చూపించాడు. పొదల పైన బూడిద రంగు వీపు ఒకటి, గుట్ట కదిలినట్టు నెమ్మదిగా కదులుతోంది.

"దూడనెత్తుకో అమ్మా. తల్లి వెనకే వస్తాది. బిన్నా కానీ, ఆలస్యం చేయద్దు" అన్నాడు గుసగుసగా.

చెల్లెలు కదల్లేదు. "ఇప్పుడెత్తకూడదు."

"ఏందమ్మా నువ్వు?"

"పోయిన తూరి నేనే ముందు తాకినా. చలికి వణుకుతాండాదని గుడ్డతో తుడిచినా. తల్లి దాన్ని నాకలేదు, పొదుగు కాడికి రానీలేదు. నా వాసనకు దూడ చచ్చిపోయింది. ఇది నాకి, పాలిచ్చిందాకా నేను తాకను."

"సామి దాటుకోనొస్తే?"

"నువ్వు పో నాయనా. అక్కా, నువ్వూ పో. నేను గమ్మునుంటా."

నేను పోలేదు. గొప్ప ధైర్యమేమీ కాదు, ఒక్కదాన్నే వెనక్కి నడవాలంటే భయం. వాచరు కూడా పోలేదు. ఒక చేతిలో టపాసు, ఒక చేతిలో అగ్గిపెట్టె పెట్టుకుని వాగు వైపు తిరిగి గొంతుక్కూర్చున్నాడు. కాలిస్తే సామి ఏ వైపుకు పోతాడో చెప్పలేం, ఆవు దూడను వదిలి పరుగెత్తుతుందేమో కూడా చెప్పలేం. అందుకని కాల్చకుండా చూస్తున్నాడు.

ఆవు దూడను నాకుతోంది. ఆ నాలుక గరగరమనే చప్పుడు కూడా నాకు పెద్దగా వినిపించింది. చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది. దూడ ముందరి కాళ్ళు మడిచి లేవబోయి మూతి మీద పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. అవతల ఇంకో వెదురు విరిగింది, ఈసారి దగ్గరగా. వాచరు అగ్గిపుల్ల తీశాడు. చెల్లెలు అతని వైపు చూసి చేతులు జోడించింది. ఎంతసేపట్లా ఉన్నామో నాకు తెలియదు. నా పాదం మీద చీమలు పాకినా విదిలించలేదు. మీ మొహాలు కళ్ళ ముందుకొచ్చాయి. నాకిక్కడ ఏమన్నా అయితే, ఒక ఆవు కోసం అడవిలో ఏం చేస్తోంది మా అవ్వ అని మీరు అనుకుంటారని కూడా అనిపించింది.

దూడ వంకర కాళ్ళతో నిలబడింది. తల్లి పొట్ట కింద తడుముకుంది, ముందు కాళ్ళ మధ్య వెతికింది. ఆవు తనే ఒక అడుగు ముందుకేసి పొదుగు అందించింది. తోక ఆడటం మొదలయ్యాక, అది తాగుతోందని మాకు తెలిసింది. చెల్లెలు ఏడ్చింది. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రమే కదిలేలా.

తాగాక, అవతల వెదుర్ల చప్పుడు ఎగువకు దూరమయ్యాక, ఆవు తనంతట తనే ఇంటి దారి పట్టింది, దూడ పక్కన తూలుతూ. మేం వెనక. కూలిన గట్టు దగ్గర మాత్రం వాచరు దూడను చేతుల మీద ఎత్తి దాటించాడు. ఇవతలికి వచ్చాక గట్టు మీద కూలబడి, "ఇంకోసారి గానీ ఈ పక్క కనపడినావంటే సామికి నేనే పట్టిస్తా నిన్ను" అన్నాడు చెల్లెలితో. చెల్లెలు అతని తల నిమిరింది. రాత్రి సామి దిగి తొక్కిన రాగి చేను ఆ వీధి చివర సగం నేలకు ఒరిగి ఉంది. ఆ ఇంటామె గెనిమ మీద కూర్చుని ఉంది. మాకు దూడ దొరికిందని ఆమెకు చెప్పడానికి మనసు రాలేదు.

సాయంత్రం కొడుకు వచ్చి పెరట్లో దూడను చూశాడు. పెయ్యదూడ. చాలాసేపు చూసి, "సరేమ్మా. నిలిచింది. ఇంక నోరెత్తను" అన్నాడు. కోడలు కాళ్ళయినా కడుక్కోకుండా తవుడు నానబెట్టింది. చెల్లెలు గెలిచింది. ఆ ముఖంలో మాత్రం గెలుపు కనిపించలేదు.

మరునాడు పొద్దున కొడుకు బూట్లు వేసుకుంటుంటే ఆమె చెప్పింది.

"ఆవును ఇచ్చేద్దాం రా."

కొడుకు తలెత్తాడు. "నేనేమీ అనలేదే!"

"నువ్వు అనలేదు. నేనే అంటాండా. గుడ్డ కడితే అది యాడుండాదో నాకు తెలవదు. కట్టకపోతే సామికి తెలుస్తాది. నిన్న ఆ వాచరు పిల్లోడు అగ్గిపుల్ల పట్టుకోని వణకతా కూర్చున్నాడు, వానికీ పెండ్లాం బిడ్డలుండారు. అక్కను కూడా సంపేదాన్నే. రోజూ ఇట్లనే అడివిలోకి తోలి, ఇట్లనే ఎతుక్కునేది నా చాత కాదు."

"ఇంట్లోనే కట్టేసి మేపుదాం. దాణా తెస్తాలే."

"అడివిలో తిరిగినదాన్ని గూటానికి కట్టేస్తే ఏం బతుకురా దానికి?"

కోడలు కంపెనీ బస్సుకు టైమైనా కదలకుండా గుమ్మంలో నిలబడింది. "నేనేదో నవ్వులాటకు అన్నానత్తా. మీకు కాపీ కూడా నేనే పెట్టిస్తా" అంది. 

"తెలుసులేమే. నీ మీద కోపం కాదు. బస్సు పోతాది, పో" అంది చెల్లెలు.

నేనే దారి చూపించాను. నిమ్మనపల్లె దగ్గర మీ తాత తరఫు వాళ్ళు ఉన్నారు, ఆవులూ గొర్రెలూ మేపుకునే కుటుంబం. మెట్ట పొలాలు, బోడి గుట్టలు, అక్కడికి ఏనుగులు రావు. వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. దూడ కాళ్ళు గట్టిపడే దాకా నేను చెల్లెలి ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజులన్నీ ఆమె ఆ రెండింటి దగ్గరే కూర్చుని గడిపింది. వెనక తలుపు మాత్రం తీయలేదు. అడవి వైపు చూడలేదు. కట్టెలకు కూడా పోలేదు. ఒకరోజు నేను తలుపు తీయబోతే, "మూసెయ్యక్కా" అంది.

వ్యాను వచ్చిన పొద్దు ఆమె బయటికి రాలేదు. ఆవును కొడుకే ఎక్కించాడు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. పుంగనూరు చేరేదాకా వెనక నుంచి ఆవు అరుస్తూనే ఉంది. పుంగనూరు దాటాక ఆగిపోయింది. నేను దిగి చూశాను. దూడ తల్లి మెడ కింద తల పెట్టి పడుకుని ఉంది.

పోయిన వారం నిమ్మనపల్లె పోయి చూసొచ్చాను. ఆవు ఒళ్ళు చేసింది. దూడ గంతులేస్తోంది. నేను పిలిస్తే ఆవు ఒకసారి చూసి, మళ్ళీ మేతలో తల పెట్టింది. ఆ ఇంటి ముసలామె చేయి మాత్రం నాకింది.

చెల్లెలు అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. ఆ రోజు సాయంత్రం కూడా చేసింది.

"చూసొచ్చినావా అక్కా?"

"చూసొచ్చినా. దూడ బాగా తాగుతా ఉండాదమ్మే. తల్లి కూడా బాగుండాది. మేసేదానికి కసువు బాగా దొరుకుతాది వాళ్ళకు, నీళ్ళకూ కరువు లేదు" అన్నాను.

"అది కాదక్కా నేనడిగేది" అంది.

ఆ ముసలామె చేయి నాకిన సంగతి నేను చెప్పలేదు, ఫోనూ పెట్టలేదు.